ఇంకా రిటైరవ్వని 1861 పోలీసు చట్టం గారికి

మహారాజశ్రీ పోలీసు చట్టం గారికి నమస్కారాలు.

మీ ఈడు వాళ్లంతా వెళ్లిపోయారండీ. మీకంటే ఒక్క ఏడాది పెద్దదైన ఐపీసీ 2024 జూలై 1న సెలవు తీసుకుంది. పదకొండేళ్లు చిన్నదైన సాక్ష్యాధారాల చట్టం కూడా అదే రోజు మూటాముల్లె సర్దుకుంది. మీరు మాత్రం 1857 తిరుగుబాటు భయం ఇంకా తీరనట్టు లాఠీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు.

మీ పుట్టుకే అలాంటిది లెండి. సిపాయిలు తిరగబడ్డాక 1860లో దొరలు ఓ కమిషన్ వేసి, ఐర్లండులో జనాన్ని అణిచిపెట్టిన పోలీసు నమూనా చూసుకుని మిమ్మల్ని తయారుచేశారు. అందుకే మీ సెక్షన్ 23లో విధుల వరస అంత ముచ్చటగా ఉంటుంది. పైవాళ్ల ఆజ్ఞ తలదాల్చడం మొదటిది. ఎక్కడేం గుసగుసలాడుతున్నారో కూపీ లాగి చేరవేయడం రెండోది. నేరం జరక్కుండా చూడడం ఆ తర్వాత, దొంగను పట్టడం ఇంకా తర్వాత. గొలుసు పోగొట్టుకున్న మా వీధి ఆవిడ ఈ వరస ముందే చదివి ఉంటే స్టేషన్ బెంచీ మీద అంతసేపు కూర్చునేది కాదు.

సెక్షన్ 22 ప్రకారం పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వీక్లీ ఆఫ్ ప్రకటించారు. మీ సెక్షన్ ముందు అది ఎన్ని వారాలు నిలబడిందో కానిస్టేబుల్ గారి ఇంటావిడనడగాలి.

నడిరోడ్డు మీద గుర్రాన్ని మచ్చిక చేస్తే సెక్షన్ 34 కింద 50 రూపాయలకు మించని జరిమానా, లేదా 8 రోజుల వరకు జైలు. గుర్రం లేనివాణ్ణి, నాకు భయం లేదు.

అసలు మీ ప్రాణమంతా, సభలనూ ఊరేగింపులనూ పోలీసు చేతిలో పెట్టే సెక్షన్ 30లో ఉంది. కందుకూరులో, గుంటూరులో తొక్కిసలాటలు జరిగాక, 2023 జనవరిలో మిమ్మల్నే ఆసరా చేసుకుని జీవో నంబర్ 1 వచ్చింది. రోడ్ల మీద సభలొద్దంది. ప్రతిపక్షాలు చీకటి జీవో అన్నాయి. మే 12న హైకోర్టు కొట్టేసింది. జీవో పోయింది, మీరు పోలేదు. 2024లో ప్రభుత్వమే మారింది. 'సబ్‌డివిజన్‌లో సెక్షన్ 30 అమల్లో ఉంది' అన్న డీఎస్పీగారి ప్రకటన మాత్రం మారలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు మీరు బ్రిటిషువాళ్ల బూజు. కుర్చీ ఎక్కాక ఇంటి పెద్దదిక్కు.

మీ అన్న, 1860 నాటి సొసైటీల చట్టాన్ని చూడండి. క్లబ్బులకు, గ్రంథాలయాలకు 2001లో మన రాష్ట్రం కొత్త చట్టం చేసుకుంది. సత్రాలకూ, గుళ్లకూ 1987 దేవాదాయ చట్టం వచ్చింది. వంశపారంపర్య ధర్మకర్తలూ పోయారు, అర్చకుల మిరాసీలూ (తరతరాల హక్కులూ) పోయాయి. గుడిలో పోయిన మిరాసీ ఠాణాలో మాత్రం పదిలం. ఎవరు అధికారంలోకొస్తే వాళ్లే మీకు ధర్మకర్తలు. ఆ పద్ధతి మార్చమని 2006లో మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. వాటిని మన పాలకులు ఎంతో భద్రంగా దాచుకున్నారు, నలిగిపోతాయని బయటికి తీయరు.

అన్నట్టు, మీకు ఘనంగా వీడ్కోలు సభ పెట్టి, బాజాభజంత్రీలతో ఊరేగిద్దామని మా కాలనీవాళ్లం అనుకున్నాం. రోడ్డు మీద ఊరేగింపంటే సెక్షన్ 30 కింద అనుమతి కావాలన్నారు. దరఖాస్తు పంపుతున్నాం. కాస్త చూసి సంతకం పెట్టించగలరు.

ఇట్లు,
గుర్రం లేని పౌరుడు