సెల్ టవర్ తరంగాలతో రోగనిరోధక శక్తి దెబ్బతింటుందా?

సెల్ టవర్ల రేడియేషన్ రోగనిరోధక శక్తిని హరిస్తుందన్న మాట కోవిడ్ రోజుల్లో ఊరూరా తిరిగింది. 5జీ వల్లే కోవిడ్ వ్యాపిస్తోందని నమ్మి 2020 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో టవర్లకు నిప్పు పెట్టారు. మన దగ్గర 5జీ ట్రయల్స్ ఇంకా మొదలే కాలేదని, కోవిడ్‌తో దానికి సంబంధం లేదని 2021 మేలో టెలికాం శాఖ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆ వదంతిని కొట్టిపారేయడం తేలికే గానీ, దాని వెనకున్న ప్రశ్న వాట్సాప్‌లో పుట్టింది కాదు.

సోవియట్ కాలంలో కీవ్ పరిశోధకులు ఎలుకలను, సెల్ టవర్ తరంగాల కోవకే చెందిన బలహీనమైన మైక్రోవేవ్ తరంగాల మధ్య రోజుల తరబడి ఉంచి, సొంత మెదడు కణజాలం మీదే దాడి చేసే యాంటీబాడీలు వాటి రక్తంలో కనబడ్డాయని ప్రకటించారు. ఒళ్లు వేడెక్కనంత తక్కువ మోతాదులోనే ఇది జరిగిందనడం అందులోని అసలు విశేషం. పాశ్చాత్య ప్రమాణాలు ప్రధానంగా కణజాలం వేడెక్కడాన్నే ప్రమాదంగా లెక్కిస్తాయి మరి. సాధారణ ప్రజలకు చదరపు సెంటీమీటరుకు 10 మైక్రోవాట్లు మించరాదన్న సోవియట్ కఠిన పరిమితికి ఇలాంటి పరిశోధనలే ఆధారమయ్యాయి.

దశాబ్దాల తర్వాత రష్యా, ఫ్రాన్స్ బృందాలు ఆ ప్రయోగాన్ని విడివిడిగా మళ్లీ చేశాయి. చదరపు మీటరుకు 5 వాట్ల తీవ్రతతో, రోజుకు 7 గంటలు, వారానికి 5 రోజుల చొప్పున 30 రోజులు ఎలుకలను ఉంచారు. ఫ్రెంచి బృందం 2009లో తమకు ఏ మార్పూ కనబడలేదని చెప్పగా, రష్యా బృందం 2010లో పాత ఫలితాలు కొంతమేరకు నిజమేనంది.

ఎవరిని నమ్మాలి? నా మొగ్గు ఫ్రెంచి ఫలితం వైపే. సొంత కణజాలానికి వ్యతిరేకమైన యాంటీబాడీలు ఆరోగ్యంగా ఉన్న ప్రాణుల రక్తంలోనూ కొద్దిపాటిగా ఉంటాయి. వయసు, ఇన్ఫెక్షన్లు, ఒత్తిడి కూడా రోగనిరోధక లెక్కలను అటూ ఇటూ చేస్తాయి. రక్తపరీక్షలో ఒక అంకె మారినంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి వర్గంలో చేర్చిన సంగతిని చాలామంది ఇక్కడికి లాక్కొస్తారు. అది క్యాన్సర్ గురించిన నిర్ణయం, రోగనిరోధక శక్తి గురించి కాదు.

మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి టవర్ల పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించింది. ఆ లెక్కన చూస్తే ఎలుకలు భరించిన తీవ్రత ఆ పరిమితికి దాదాపు ఐదు రెట్లు. కాలనీలో టవర్ మీద అనుమానముంటే ధర్నాకు ముందు చేయాల్సింది కొలత. 2017లో కేంద్రం తెచ్చిన ‘తరంగ్ సంచార్’ పోర్టల్లో టవర్ వివరాలు చూడవచ్చు, 4,000 రూపాయలు కడితే అధికారులు వచ్చి కొలుస్తారు. సామాన్య కుటుంబానికి ఆ రుసుము భారమే. దాన్ని మున్సిపాలిటీలు భరించి, కొలతలను వార్డు ఆఫీసు గోడ మీద అంటిస్తే ఈ గొడవల్లో సగం అక్కడే తేలిపోతాయి.