సన్యాసుల ఊరికి టికెట్టు

ఇటలీలోని వెరోనా స్టేషన్లో మేం ఎక్కాల్సిన మ్యూనిక్ బండి మా ముక్కు ముందే పది నిమిషాలు ఆగింది. ఎక్కలేదు. టికెట్టు మీద ఆ ఊరి జర్మన్ పేరు 'మ్యూన్షెన్' అని, యు నెత్తిన రెండు చుక్కలతో సహా ఉంది. బోర్డు మీదేమో 'మొనాకో'.

"ఏవండీ, పెట్టెలున్న వాళ్ళంతా ఇదే ఎక్కుతున్నారు," అంది మా ఆవిడ.

"అది సముద్రం ఒడ్డున క్యాసినోలుండే మొనాకో. డబ్బున్నవాళ్ళు, పోతారు. మనకెందుకు?" అన్నాను.

బండి కదిలింది. దాని వెనకే నా పరువూ.

మ్యూనిక్‌లో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేస్తే, వాడు ముందు తనివితీరా నవ్వుకున్నాడు. "బావా, ఇటాలియన్లో మ్యూనిక్‌నే మొనాకో అంటారు. తేడా తెలియాలంటే మా రాష్ట్రం పేరు కలిపి 'బవేరియా మొనాకో' అంటారు." అంటే క్లాసులో ఇద్దరు శ్రీనివాసులుంటే ఇంటిపేరు కలిపి పిలిచినట్టన్నమాట.

తర్వాతి బండికి రెండు గంటలు. బెంచీ మీద కూర్చుని ఫోన్లో తవ్వడం మొదలుపెట్టాను. 1158 నాటి పత్రంలో ఈ ఊరు 'అపుద్ మునిఖెన్' అని కనిపిస్తుంది. పాత జర్మన్లో మునిఖెన్ అంటేనే 'సన్యాసుల దగ్గర'. బహువచనం, విభక్తి అన్నీ అందులోనే ఉన్నాయి. దాని ముందున్న లాటిన్ 'అపుద్'కీ అర్థం 'దగ్గర' అనే. 'ఊళ్ళోలో' అన్నట్టు! ఆ విభక్తిని ఊడదీయకుండానే పేరు చేసేసుకున్నారు. ఇటాలియన్లో సన్యాసిని మొనాకో అంటారు కాబట్టి ఊరూ మొనాకోనే. చెక్ వాళ్ళకి మ్నిఖోవ్, పోలండ్ వాళ్ళకి లాటిన్ తోకతో మొనాఖియుమ్. క్యాసినోల మొనాకో పేరు మాత్రం 'ఒంటి ఇల్లు' అనే గ్రీకు మాట నుంచి వచ్చిందంటారు. ఇక అసలు ఊరివాళ్ళు తమ యాసలో దాన్ని 'మింగా' అంటారట. ఆ పూట నాకది అస్సలు మింగుడుపడలేదు.

మా ఊళ్ళో కొందరు 'మునిచ్' అంటారు. ముని! మన మునిపల్లెకి చుట్టంలా లేదూ? చుట్టరికం ఏమీ లేదని తెలుసు. కానీ బండి తప్పినవాడికి ఏదో ఒక ఊరట కావాలిగా.

ఇదంతా ఉత్సాహంగా మా ఆవిడకి చెప్పాను. ఆవిడ చల్లారిపోయిన కాఫీలోంచి తలెత్తకుండానే అంది:

"సన్నాసి కోసం అంత దూరం పోవడం ఎందుకండీ?"