ఇంజిన్ పట్టిందంటే పనైపోయినట్టేనా?

కార్ల పిచ్చి ఉన్న తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. సారాంశం ఇది: "పాత స్పోర్ట్స్ కారు చూడటానికే బాగుంటుంది, నడపడానికి పనికిరాదు. అందులో ఇప్పటి ఇంజిన్ ఒకటి దించి, నాలుగు మూలలా కాయిల్‌ఓవర్లు బిగిస్తే చాలు. రెండు వారాంతాల పని. పాత అందం, కొత్త కారంత నమ్మకం. కోబ్రా కూడా ఇలాగే పుట్టింది. పైగా బండి విలువ పెరుగుతుంది." కింద ఎర్రటి ఎమ్‌జీబీ ఫొటో, ఎమ్‌జీ కంపెనీ వారి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు అది. కాయిల్‌ఓవర్ అంటే స్ప్రింగూ, కుదుపును ఆపే డ్యాంపరూ (షాకబ్జార్బరే) కలిసి ఒకటిగా ఉన్న ముక్క. కోబ్రా 1960ల నాటి పేరున్న స్పోర్ట్స్ కారు.

నేను ఇంజిన్ మార్పిడికి వ్యతిరేకిని కాను. ఇంగ్లండ్‌లో కవెంట్రీ దగ్గర ఉంటాను. మా షెడ్డులో ఒక ఎమ్‌జీబీ జీటీ (గట్టి పైకప్పు ఉన్న రకం) ఉంది, దాన్ని కంపెనీ ఇచ్చినట్టే ఉంచుకున్నాను. మా స్నేహితుడి ఎమ్‌జీబీ రోడ్‌స్టర్‌లో (పైకప్పు తెరుచుకునే రకం) మాత్రం ఇద్దరం కలిసి మాజ్డా ఎమ్ఎక్స్-5 ఇంజిన్ దించాం. శని, ఆదివారాలు చొప్పున పద్నాలుగు నెలలు పట్టింది. అందులో ఇంజిన్‌ను దాని చోట కూర్చోబెట్టడానికి పట్టింది సరిగ్గా రెండు వారాంతాలే. మెసేజ్ రాసినాయన బహుశా అక్కడితో ఆగిపోయి ఫొటో తీసుకుని ఉంటాడు. ముందుంది ముసళ్ళ పండగ.

మొదటి మాట: "ఇంజిన్ దించితే చాలు."

దీనికి జవాబు ఎమ్‌జీ కంపెనీయే ఎప్పుడో చెప్పింది. ఎమ్‌జీబీ 1962 నుంచి 1980 దాకా తయారైంది. 1798 సీసీ, నాలుగు సిలిండర్లు, సుమారు 95 బీహెచ్‌పీ. ఇంకాస్త బలం కావాలని 1967లో అదే బాడీలో 2912 సీసీ ఆరు సిలిండర్ల ఇంజిన్ పెట్టి ఎమ్‌జీసీ అని అమ్మారు. ఆ ఇంజిన్ పొడవుకు ముందు క్రాస్‌మెంబర్ (ముందు సస్పెన్షన్‌ను మోసే అడ్డ దూలం) అడ్డొచ్చింది. దాన్ని తీసేసి, ముందు కాయిల్ స్ప్రింగుల బదులు టార్షన్ బార్లు (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) పెట్టాల్సి వచ్చింది. బానెట్ మీద ఉబ్బు తేవాల్సి వచ్చింది. ముక్కు మీద 90 కిలోలకు పైగా అదనపు బరువు పడింది. మలుపులో ముక్కు బరువుగా ఉందని పత్రికలు ఉతికి ఆరేశాయి. 1969లో ఆ కారు ఆగిపోయింది.

తర్వాత కెన్ కాస్టెల్లో అనే ఆయన సొంతంగా ఎమ్‌జీబీల్లో రోవర్ కంపెనీ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. అది చూసి 1973లో కంపెనీ కూడా 3528 సీసీ వీ8తో జీటీ తెచ్చింది. అల్యూమినియం ఇంజిన్ కావడంతో ఇనుప నాలుగు సిలిండర్లదాని కన్నా బరువేమీ ఎక్కువ కాదు. అంటే ఎమ్‌జీసీని ముంచిన సమస్య ఇక్కడ లేనే లేదు. మరి "దించితే చాలు" అయిందా? రేడియేటర్ ముందుకు జరిగింది. దానికి రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు వచ్చాయి. ముందు బ్రేక్ డిస్కులు మందమయ్యాయి. వెనక యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో చెప్పేది) 3.9 నుంచి 3.07కి మారింది, లేకపోతే మొదటి గేరు వేసిన మరుక్షణమే అయిపోతుంది, హైవే మీద ఇంజిన్ ఊరికే అరుస్తుంది. గేర్‌బాక్స్ ఆ టార్క్‌కు (ఇంజిన్ తిప్పే బలానికి) తట్టుకోలేదని ఓవర్‌డ్రైవ్‌ను (హైవే మీద ఇంజిన్ వేగం తగ్గించే అదనపు గేరు) టాప్ గేరుకే పరిమితం చేశారు. డిజైన్ ఆఫీసూ, టెస్ట్ ట్రాకూ ఉన్న కంపెనీకే ఇంత పని పడింది.

ఇప్పటి ఇంజిన్ అయితే కరెంటు గొడవ కూడా తోడవుతుంది. 1967కి ముందు ఎమ్‌జీబీల్లో పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది, ఇప్పటి కార్లకు తిరగబడి), ఆల్టర్నేటర్ బదులు డైనమో. బ్యాటరీలు చూస్తే సీట్ల వెనక రెండు ఆరు వోల్టులవి. ఇప్పటి ఈసీయూను (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) అలాంటి బండికి అలాగే కలిపితే ఒక్క క్షణంలో బూడిద. పాత కార్బ్యురేటర్‌కు పెట్రోల్ రెండు మూడు పీఎస్ఐ ఒత్తిడితో అందితే సరిపోతుంది. ఇంజెక్షన్ ఇంజిన్‌కు 40 పైన కావాలి. కాబట్టి కొత్త పంపు, ఆ ఒత్తిడికి తగ్గ పైపులు, ట్యాంకుకు తిరిగి వచ్చే లైను. అన్నీ పెట్టాక మా వాడి కారు రౌండెబౌట్‌లో తిరుగుతూ సగంలో ఆగిపోయింది! ట్యాంకు సగం కన్నా తక్కువ ఉన్నప్పుడల్లా అదే తంతు. లోపల అడ్డురేకులు లేని పాత ట్యాంకులో పెట్రోలంతా ఒక పక్కకు పోయి, పంపు గాలి పీల్చుకుంటోందని కనిపెట్టడానికి మాకు మూడు వారాలు పట్టింది. కార్బ్యురేటర్ అయితే దాని గిన్నెలో ఉన్న పెట్రోలుతో ఆ మలుపు దాటేసేది. చివరికి మధ్యలో ఒక చిన్న ట్యాంకు పెట్టి బయటపడ్డాం.

రెండో మాట: "నాలుగు కాయిల్‌ఓవర్లు బిగిస్తే సస్పెన్షన్ కొత్తదైపోతుంది."

నాకు అసలు కోపం తెప్పించింది ఈ మాటే. ఎమ్‌జీబీ ముందు చక్రాల దగ్గర ఉన్నది లీవర్ ఆర్మ్ డ్యాంపర్, అంటే చెయ్యిలాంటి కడ్డీ ఉన్న పాత రకం షాకబ్జార్బర్. దాని చెయ్యే పై విష్‌బోన్ (చక్రాన్ని పైన బాడీకి కలిపే చెయ్యి) పని చేస్తుంది. షాకబ్జార్బర్ పాతదైంది కదా అని విప్పి పారేస్తే, చక్రాన్ని పైన పట్టుకునేది ఏదీ మిగలదు. కొత్త పై విష్‌బోన్ కావాలి, దానికి కొత్త ఆధారం కావాలి, అప్పుడు క్యాంబర్, క్యాస్టర్ అనే చక్రం వాలు కోణాలు మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి.

వెనక ఇంకా చిత్రం. అక్కడ ఉన్నవి మన లారీల కింద ఉండేలాంటి కమాను కట్టలే, చిన్నవి. చూసి నవ్వుతాం గానీ ఒక్క కమాను కట్ట చేసే పనులు లెక్కపెట్టండి. బరువు మోస్తుంది. యాక్సిల్ ముందుకూ వెనక్కూ పోకుండా పట్టుకుంటుంది. పక్కకు జరగనివ్వదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు యాక్సిల్ మెలి తిరగకుండా ఆపుతుంది. కాయిల్‌ఓవర్ చేసేది వీటిలో మొదటి పని ఒక్కటే. మిగతా మూడింటికీ లింకులు, ఒక పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) కావాలి. వాటిని బిగించే చోట్లు బాడీకి వెల్డింగ్ చేయాలి.

ఇంకోటి. కారు బరువు ఇదివరకు కమాను రెండు చివరల నుంచీ బాడీలోకి వెళ్ళేది. ఇప్పుడు డ్యాంపర్ పై బోల్టు ఉన్న ఒక్క చోట పడుతుంది. డ్యాంపర్ కోసం చేసిన రేకు కుదుపును ఆపడానికే గానీ బరువు మోయడానికి కాదు. మా వాడు ఈ వెనక పని ఒక వర్క్‌షాపుకు ఇచ్చాడు. వాళ్ళు ఉన్న రంధ్రాల్లోనే కాయిల్‌ఓవర్లు బిగించి ఇచ్చారు. ఆరు నెలలకు డిక్కీ కింద రేకులో వెంట్రుకంత పగులు కనబడింది. కార్పెట్ ఎత్తి చూశాం కాబట్టి సరిపోయింది.

"కారును కొంచెం కిందకు దించితే రోడ్డును ఇంకా బాగా పట్టుకుంటుంది" అని కూడా ఉంది ఆ మెసేజ్‌లో. అమెరికా బంపర్ నిబంధనల కోసం 1974 చివర్లో ఎమ్‌జీబీని ఒక్క అంగుళం ఎత్తు పెంచారు, ముందు యాంటీ రోల్ బార్ (బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) కూడా తీసేశారు. మలుపుల్లో బండి ఎంత ఊగిపోయిందంటే 1977 మోడల్ నుంచి ముందూ వెనకా బార్లు పెట్టి సరిచేయాల్సి వచ్చింది. ఎత్తులో అంగుళం చిన్న విషయం కాదు. దించినా అంతే. విష్‌బోన్లు పైకి వాలిపోయి రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బాడీ కన్నా ఎక్కువగా కిందకు జారితే, దించిన కారే ఎక్కువ పక్కకు ఒరుగుతుంది. స్ప్రింగులు బిరుసువి వేసి దాన్ని కప్పిపుచ్చితే నడుం విరుగుతుంది.

వీటన్నిటికీ ముందు సిల్స్ చూడాలి. ఎమ్‌జీబీకి విడిగా ఛాసీ లేదు, తలుపుల కింద ఉండే ఆ పెట్టెలాంటి సిల్సే దాని వెన్నెముక. పైకి పెయింటు మెరుస్తున్నా లోపల తుప్పు పట్టి ఉంటే రోడ్‌స్టర్ నడుమ కుంగుతుంది, తలుపు సందులు పైన మూసుకుపోతాయి. అలాంటి బాడీకి బిరుసు స్ప్రింగులు వేయడమంటే విరిగిన చెయ్యితో బరువులెత్తించడమే.

కోబ్రా సంగతి. నిజమే, 1962లో అమెరికన్ రేసర్ కారల్ షెల్బీ బ్రిటిష్ కంపెనీ ఏసీ వారి ఏస్ కారులో ఫోర్డ్ వీ8 పెట్టించాడు. అయితే 427 (క్యూబిక్ అంగుళాల) పెద్ద ఇంజిన్ దగ్గరికి వచ్చేసరికి ఏం చేశారో మెసేజ్ చెప్పదు. ఛాసీ గొట్టాలను మూడు అంగుళాల నుంచి నాలుగుకు పెంచారు, అడ్డ కమాన్లు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు. ఉదాహరణగా ఇచ్చిన కారే ఎదురు సాక్ష్యం చెబుతోంది.

విలువ పెరుగుతుందా? కాస్టెల్లో చేసినవాటికి ఇవాళ గిరాకీ ఉంది, ఆయన పేరు చరిత్రలో ఉంది కాబట్టి. మనం షెడ్డులో చేసినదానికి కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న "పాత ఇంజిన్ ఉందా?" అని. దాచిపెట్టండి, నూనె పూసి.

చట్టం ఊసే ఆ మెసేజ్‌లో లేదు. బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటిన కార్లకు 2018 మే నుంచి ఏటా చేయించే ఎమ్‌ఓటీ పరీక్ష అక్కర్లేదు. అయితే గత 30 ఏళ్ళలో బండిని గణనీయంగా మార్చి ఉంటే ఆ మినహాయింపు పోవచ్చు. సిలిండర్ల సంఖ్య, సస్పెన్షన్ రకం మారడం ఆ పరిశీలనలోకి వచ్చేవే. హైదరాబాద్‌లో ఇలాంటిది చేద్దామనుకునేవాళ్ళకు దారి ఇంకా ఇరుకు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ చెప్పినదానికి తేడాగా ఉండకూడదు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద 50 ఏళ్ళు దాటిన బండికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ దొరుకుతుంది గానీ, ఛాసీ, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదన్నది షరతు. ఇంజిన్ మారిస్తే ఆ తలుపు మూసుకున్నట్టే.

ఇక "కొత్త కారంత నమ్మకం." సగం నిజం ఇది. మాజ్డా ఇంజిన్ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా మొండికేయలేదు, చలికాలం పొద్దున్నే ఒక్క తిప్పుకు లేస్తుంది. నా కారు అలా లేవదు, ఒప్పుకుంటాను. రోడ్డు పక్కన ఆగినప్పుడు తేడా తెలుస్తుంది. నా కారుకు ఏది పోయినా దుకాణంలో కారు పేరూ సంవత్సరమూ చెబితే వస్తువు చేతిలో పెడతారు. మా వాడి కారుకు వాటర్ పంపు ఎమ్ఎక్స్-5ది, హోసు ఇంకో కారుది, ప్రొపెల్లర్ షాఫ్టు కొలతిచ్చి చేయించినది. అందుకని డ్యాష్‌బోర్డు అరలో ఒక పాత డైరీ పెట్టుకున్నాడు. ఏ ముక్క ఏ కారుది, షాఫ్టు పొడవెంత, ఏ వైరు ఎక్కడికి పోతుంది, అన్నీ పెన్సిల్‌తో రాసి ఉంటాయి. మెకానిక్ ముందు ఆ డైరీ చదువుతాడు, తర్వాతే బానెట్ తెరుస్తాడు.