బార్బడోస్‌లో ఎవరికీ టెన్షన్ లేదట

ఒక దేశాన్ని అర్థం చేసుకోవడానికి ఎంతకాలం పడుతుందని పండితులు ఇంకా బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు గానీ, ఆ లెక్క ఎప్పుడో తేలిపోయింది. ఒక్క పూట చాలు. పొద్దున్నే కరీబియన్ దీవి బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్ రేవులో ఓడ దిగి, చీకటిపడేలోగా మళ్లీ ఎక్కి బఫే లైన్లో నిలబడాలి కాబట్టి, మధ్యలో ఫొటోలకీ బాత్రూమ్ వెతుక్కోవడానికీ పోయిన టైము తీసేస్తే మిగిలేది ఇంకా తక్కువే. అయినా సరే, ప్యూర్టోరికోలోని శాన్ హువాన్‌లో క్రూజ్ ఎక్కిన మన డాలస్, న్యూజెర్సీ కుటుంబాలూ, వాళ్లని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలూ రాత్రికల్లా వాట్సాప్‌లో తీర్పు చెప్పేస్తారు: "ఇక్కడి జనానికి టెన్షన్ అన్నదే లేదండీ, హాయిగా బతికేస్తున్నారు."

ఈ తీర్పును నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. 430 చదరపు కిలోమీటర్ల దీవి, మూడు లక్షలు కూడా లేని జనం, చుట్టూ సముద్రం. టెన్షన్ పెట్టుకుందామన్నా చోటేదీ? పైగా ఇది కళ్లారా చూసి చెప్పిన మాట. మనాయన బీచ్ కుర్చీలో వెల్లకిలా పడుకుని పరిశీలిస్తుండగా, గొడుగులు పాతే కుర్రాడు నవ్వుతూ కనబడ్డాడు. ఆ కుర్రాడు తెల్లారకముందే లేచి దీవికి తూర్పు కొసనున్న సెయింట్ ఫిలిప్ నుంచి బస్సులు మారి పడమటి తీరానికి వచ్చాడన్న సంగతి కుర్చీలోంచి కనబడదు, కనబడనిదాన్ని పరిశోధనలో చేర్చకూడదు. సెలవులో ఉన్నవాడికి ఎదుటివాడు కూడా సెలవులోనే ఉన్నట్టు తోచడం మామూలే, అందులో ఆయన తప్పేం లేదు.

చిన్న చిన్న చికాకులు లేకపోలేదు. ఒక పెద్దాయన కొట్లోకి వెళ్లి నీళ్ల బాటిల్ తీసి "హౌ మచ్?" అన్నాడు. కౌంటర్ వెనక కూర్చున్నావిడ కళ్లజోడు పైనుంచి చూసి "గుడ్ మార్నింగ్" అంది. ఈయన బాటిల్ ఇంకాస్త పైకెత్తి, గొంతు కూడా పెంచి, "హౌ మచ్?" ఆవిడా గొంతు పెంచి, "గుడ్ మార్నింగ్." వెనకనుంచి వాళ్లావిడ "చెవుడేమో పాపం" అని జాలిపడింది. అక్కడ కొట్లోకి వెళ్లినా, వ్యానెక్కినా, క్లినిక్‌లో కూర్చోబోయినా ముందు ఉన్నవాళ్లని పలకరించాలి, ఆ తర్వాతే పని. పలకరించనివాడు పెంపకం సరిగా లేనివాడి కింద లెక్క. చివరికి ఈయన విసుగ్గా ఓ గుడ్ మార్నింగ్ పారేస్తే ఆవిడ ధర చెప్పింది, చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది, ఏ ఊరు మీదని కూడా అడిగింది. రాత్రికి రివ్యూ పడింది: మనుషులు మంచివాళ్లే గానీ సర్వీస్ బాగా స్లో, రెండు స్టార్లు.

ఇంకొకాయనకి నిక్కరు దగ్గరే చిక్కొచ్చింది. మిలిటరీ మచ్చల డిజైన్ బట్టలు సైన్యంలో లేనివాళ్లు వేసుకోవడం అక్కడ చట్టప్రకారం నేరం. ఇంత హాయైన దేశంలో నిక్కరు మీద ఇంత పట్టింపేమిటో!

తిండి సంగతికొస్తే, శాకాహారులకి అక్కడ ఏమీ దొరకదని మనవాళ్లు ఏకగ్రీవంగా తేల్చారు. మొక్కజొన్న పిండిలో బెండకాయలు వేసి, చెక్క తెడ్డుతో ఉండలు కట్టకుండా తిప్పి తిప్పి చేసే కూకూ అనే సంకటి ఆ దేశపు జాతీయ వంటకంలో సగభాగం. మిగతా సగం ఎగిరే చేప. చేప వద్దని చెప్పి సంకటి అడగొచ్చు. కానీ అడగాలంటే ముందు గుడ్ మార్నింగ్ చెప్పాలి, అందుకే ఓడలోకి వెళ్లి కప్పు నూడుల్స్ తిన్నారు.

అసలు పరిశోధనంతా జెడ్ఆర్ అనే ప్రైవేటు షేర్ వ్యానులో జరిగింది. తెల్ల వ్యాను, పక్కన మెరూన్ చార, లోపల గుండెలదిరే పాటలు, సీట్లు నిండిపోయాక కూడా ఇంకొకరికి చోటు. టికెట్ మూడున్నర బార్బడోస్ డాలర్లు, అంటే ఒకటీ ముప్పావు అమెరికన్ డాలరు, ఎందుకంటే 1975 నుంచీ రెండు బార్బడోస్ డాలర్లకి ఒక అమెరికన్ డాలరు లెక్కన కట్టేసి ఉంచారు. అమీర్‌పేటలో షేర్ ఆటోలో ఇలాగే ఇరుక్కున్నప్పుడు ప్రభుత్వాన్ని తిట్టిన మనిషి, ఇక్కడ మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే "ఇదీ అసలైన లోకల్ లైఫ్" అని వీడియో తీశాడు. పక్కన యూనిఫాంలో కూర్చున్న నర్సు డ్యూటీకి లేటవుతోందని గడియారం చూసుకుంటోంది. వీడియోలో ఆవిడ మోచేయి మాత్రం వచ్చింది.

ఇక ఆ బొమ్మరిళ్లు! రాళ్ల మీద నిలబెట్టిన చిన్న చిన్న చెక్క ఇళ్లు, నిటారు కప్పు, మధ్యలో తలుపు, అటూ ఇటూ ఒక్కో కిటికీ, గులాబీ రంగూ ఆకుపచ్చా. ఎంత ముద్దుగా ఉన్నాయో అంటూ ప్రతి ఇంటి ముందూ నిలబడి ఫొటో దిగారు, ఓ ఇంట్లో ముసలావిడ కిటికీ తెర వేసుకునేదాకా. 1838లో బానిసత్వం పూర్తిగా పోయాక కూడా చెరకు తోటల నేల దొరలదే. కూలివాడు ఇల్లు కట్టుకోవచ్చు గానీ కింద జాగా వాడిది కాదు. దొర పొమ్మన్న రోజున గోడలు విప్పి బండికెత్తి ఇంకో తోటకి పోవాలి, అందుకే పునాది తవ్వలేదు, అందుకే చెక్క, అందుకే అంత చిన్నది. ఈ వివరం చెబితే ఫొటోకి లైకులు తగ్గుతాయి కాబట్టి గైడు కూడా రంగుల దగ్గరే ఆపేశాడు, తెలివైనవాడు.

సామాన్లు మాత్రం మండిపోతున్నాయట. తినేదాంట్లో ఎక్కువభాగం ఓడల్లో దిగాలి, అందులో చాలావాటి మీద 17.5 శాతం వ్యాట్. యాపిల్ ధర చూసి "వీళ్లెలా బతుకుతున్నారో" అని ఓ వాక్యం రాసి, దాని కిందే "సింపుల్ లైఫ్, ఖర్చే లేదు" అని ఇంకో వాక్యం రాయగలగడం సామాన్యమైన ప్రతిభ కాదు.

ఓడెక్కకుండా ఇంట్లో సోఫాలో కూర్చుని బార్బడోస్‌ని అర్థం చేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లోని కెన్సింగ్టన్ ఓవల్ మైదానంలో మనవాళ్లు దక్షిణాఫ్రికాని 7 పరుగులతో ఓడించి టీ20 కప్పు కొట్టారు. వెనకే బెరిల్ తుఫాను వచ్చి ఎయిర్‌పోర్ట్ మూతపడింది, జట్టు హోటల్లో ఇరుక్కుంది. వాళ్లు ఎప్పుడొస్తారు, ఏం తింటున్నారు అని మన టీవీలకి నిద్రలేదు. అదే బ్రిడ్జ్‌టౌన్‌లో జాలర్ల పడవలు రేవులోనే ఒకదాన్నొకటి గుద్దుకుని మునిగిపోయాయి. ఆ జాలర్లకి టెన్షన్ ఉండదని మనకి ముందే తెలుసు కనుక దాని మీద చర్చ పెట్టలేదు.

అంత హాయిని ఒక్క పూటతో వదులుకోలేనివాళ్ల కోసం అక్కడి ప్రభుత్వం 2020 జులైలో వెల్కమ్ స్టాంప్ అని ఓ వీసా తెచ్చింది. పన్నెండు నెలలు ఉండి, ల్యాప్‌టాప్‌లో మీ దేశం ఉద్యోగం మీరు చేసుకోవచ్చు. ఫీజు 2,000 అమెరికన్ డాలర్లు, ఏడాది ఆదాయం కనీసం 50,000 డాలర్లు ఉండాలి. ఖర్చే లేని సింపుల్ లైఫ్‌కి ప్రవేశ రుసుం అన్నమాట. అలా వచ్చినవాడు మొదటి నెల సముద్రం ఫొటోలు పెడతాడు. రెండో నెల అద్దె గురించి పెడతాడు. నాలుగో నెలలో ఏదో కాగితం కోసం ఆఫీసు క్యూలో నిలబడి, గుడ్ మార్నింగ్ చెప్పకుండా కౌంటర్ మీదికి వంగిన కొత్త టూరిస్టుని చూసి తల పంకించి, పక్కవాడితో అంటాడు: "ఈ దీవి మునుపటిలా లేదండీ, బయటివాళ్లొచ్చి పాడుచేసేశారు."