యూయూఐడీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ యూయూఐడీ గారికి,

డిస్కు పార్టిషన్ల గుర్తింపు నంబరైన తమరి 32 హెక్సాడెసిమల్ అంకెల, 4 హైఫన్ల దివ్యనామం నోరు తిరగక ఉత్త నమస్కారంతో సరిపెడుతున్నాం. ఉభయకుశలోపరి అని రాద్దామంటే ఇక్కడ కుశలం లేదు. డెబియన్ లినక్స్‌ని ఆర్‌సింక్ అనే ఫైళ్ళ కాపీ పనిముట్టుతో కొత్త డిస్కుకి కాపీ చేసి ఆన్ చేస్తే, తమరు అసలు లేనే లేరని తెర మీద అలర్ట్ కొట్టి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (అసలు రూట్ పార్టిషన్ దొరికేదాకా కెర్నల్ వాడే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) ప్రాంప్ట్ కూర్చుంది.

ఆర్‌సింక్‌ని అనడానికి లేదు పాపం. పర్మిషన్లు, హార్డ్‌లింకులు, ఏసీఎల్‌లు అడిగినవన్నీ మోసింది. కొత్త పార్టిషన్‌ని ఫార్మాట్ చేసిన క్షణానే తమరు వేరే నంబరుతో అవతరించి, ఆ కబురు ఎవరికీ పంపలేదు. ఇల్లు మారినా రేషన్ కార్డు మీద పాత చిరునామాయే ఉన్నట్టు, ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోనూ, కెర్నల్‌ని లేపే బూట్‌లోడర్ గ్రబ్ కాన్ఫిగ్‌లోనూ ఇంకా పాత తమరే.

తమరి అలక ఏ గదిలోనో తెర చూస్తే తెలుస్తుంది. బూటయ్యే డిస్కే లేదంటే, గ్రబ్ ఎక్కలేదు. ఎంబీఆర్ (పాత పద్ధతి పార్టిషన్ పట్టిక) డిస్కులో దాని కోడ్ మొదటి సెక్టారులోనూ, మొదటి పార్టిషన్‌కి ముందున్న ఖాళీలోనూ ఉంటుంది. అవి ఫైళ్ళు కావు, ఆర్‌సింక్ కంట పడవు. గ్రబ్ రెస్క్యూ వస్తే గ్రబ్ ఇంకా పాత నంబరునే వెతుకుతోంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ దగ్గర ఆగితే కెర్నల్ లేచింది, రూట్ దొరకలేదు (సాటా డిస్కు నుంచి ఎన్‌వీఎంఈ డిస్కుకి మారినప్పుడు డ్రైవర్ లేకపోయినా ఇదే గతి). 90 సెకన్లు నానబెట్టి ఎమర్జెన్సీ మోడ్‌లోకి తోస్తే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ పని.

ఇవన్నీ నయం. పాత డిస్కు ఊడదీయకపోతే తమరు నవ్వుతూ పాత రూట్‌నే మౌంట్ చేయిస్తారు. అంతా బాగుందనుకుని యజమాని పాత డిస్కుని ఫార్మాట్ కొడతాడు. 'ఫైండ్‌మౌంట్ /' (findmnt) అని ఒక్కసారి అడిగి ఉంటే ఏ డిస్కు మీద నడుస్తోందో తేలేది.

తమరికి శాంతి ఇలా: లైవ్ యూఎస్‌బీతో లేపి, కొత్త రూట్‌ని /ఎంఎన్‌టీలో, ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఉంటే దాన్ని /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్‌ఐలో మౌంట్ చేయాలి. /డెవ్, /ప్రాక్, /సిస్, /రన్‌లను బైండ్ చేసి ఛ్రూట్ (కొత్త రూట్‌నే అసలు రూట్ అనుకునేలా లోపలికి దిగడం). బ్లాక్‌ఐడీ (blkid) కమాండ్ చెప్పిన కొత్త నంబర్లు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోనూ, స్వాప్ పార్టిషన్ మారితే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తాలూకు రెజ్యూమ్ ఫైల్లోనూ రాసి, గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, అప్‌డేట్-గ్రబ్ కమాండ్లు కొట్టాలి. పాత బయాస్ ఫర్మ్‌వేర్ మిషన్‌లో గ్రబ్-ఇన్‌స్టాల్‌కి డిస్కు పేరు ఇవ్వాలి, /డెవ్/ఎస్‌డీబీ. చివర 1 తగిలించారో అది పార్టిషన్ పేరవుతుంది, మళ్ళీ మొదటికే. యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ కొత్త ఎంట్రీని గుర్తుపెట్టుకోనని మొండికేస్తే గ్రబ్-ఇన్‌స్టాల్‌కి రిమూవబుల్ ఆప్షన్.

ఇట్లు,
ఛ్రూట్‌లో ఉన్నవారు

తా.క.: డిస్కుని బైటుకి బైటు దించే డీడీతో కాపీ చేస్తే నంబరు మారదు కదా అని తమరు మురవనక్కర్లేదు. రెండు డిస్కుల్లో ఒకే తమరు ఉంటే కెర్నల్ ఎవరిని పట్టుకుంటుందో చెప్పలేం. ఫైల్‌సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే రెండూ తగిలించి మౌంట్ చేయడమే ప్రమాదం. ఈఎక్స్‌టీ4 అయితే అన్‌మౌంట్ చేసి, ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో ఒకదానికి కొత్త నంబరు ఇప్పించి, పైన రాసిన ఛ్రూట్ తతంగం మళ్ళీ.