గ్రాంటుతో వచ్చిన ఉద్యోగం ఎవరికి దక్కింది?

పేదలుండే ప్రాంతంలో గ్రాంటు సొమ్ముతో పరిశ్రమ పెడితే, ఎన్ని ఉద్యోగాలు వచ్చాయో రిపోర్టులో ఘనంగా రాస్తారు. అందులో అక్కడివాళ్లు ఎంతమంది అని అడిగితే మాత్రం చాలాసార్లు జవాబు దొరకదు. నా దృష్టిలో ముందు తేల్చాల్సింది ఇదే.

అమెరికా 1993లో చట్టం చేసి తెచ్చిన ఎంపవర్‌మెంట్ జోన్లలో, అంటే ప్రత్యేక సాయం కోసం ఎంచుకున్న పేద ప్రాంతాల్లో, ఈ జాగ్రత్త కొంత కనిపిస్తుంది. డెట్రాయిట్, బాల్టిమోర్, షికాగో సహా ఆరు పట్టణ జోన్లకు తలా 10 కోట్ల డాలర్ల గ్రాంటు ఇచ్చారు. దానికి తోడు, ఉద్యోగి జీతంలో మొదటి 15,000 డాలర్ల మీద 20 శాతం, అంటే ఏడాదికి 3,000 డాలర్ల దాకా యజమాని కట్టాల్సిన పన్నులో తగ్గించారు. ఆ ఉద్యోగి జోన్‌లో పనిచేస్తే చాలదు, కాపురం కూడా అక్కడే ఉండాలన్నారు. షరతు మంచిదే, కానీ అక్కడ ఉండేవాళ్లంతా పేదలే కానక్కర్లేదు. అందుకే అదే దేశంలో పేద ప్రాంతాల్లో ఉద్యోగాలు పెంచడానికి ఇచ్చే కమ్యూనిటీ ఎకనమిక్ డెవలప్‌మెంట్ గ్రాంట్లకు పెట్టిన నిబంధన నాకు ఇంకా నచ్చుతుంది: వచ్చిన ఉద్యోగాల్లో కనీసం 75 శాతం తక్కువ ఆదాయం ఉన్నవారికే ఇవ్వాలి.

ఇక ఆ పని ఎంతకాలం నిలుస్తుంది? బ్రిటన్ 2009లో, ముఖ్యంగా నిరుద్యోగ యువత కోసం పెట్టిన ఫ్యూచర్ జాబ్స్ ఫండ్ కింద ఒక్కో ఉద్యోగానికి 6,500 పౌండ్ల దాకా ఇచ్చింది. బదులుగా అడిగింది ఆరు నెలల పని మాత్రమే.

ఉత్తర ఉగాండా అనుభవం దగ్గర కాస్త ఆగాలి. అక్కడి ప్రభుత్వం యువతను బృందాలుగా దరఖాస్తు చేసుకోమంది. ఎంపికైన బృందానికి 2008లో డబ్బంతా ఒకేసారి బ్యాంకు ఖాతాలో వేసింది. సగటున మనిషికి 382 డాలర్లు. ఆ తర్వాత పెద్దగా పర్యవేక్షణ లేదు. ఊరికే ఇస్తే తినేస్తారు అనేవాళ్లకు ఇది జవాబు: చాలామంది కుట్టుపనో వడ్రంగమో నేర్చుకుని మెషిన్లు, పనిముట్లు కొనుక్కున్నారు. నాలుగేళ్లకు వాళ్ల సంపాదన, గ్రాంటు రానివాళ్ల కంటే 38 శాతం ఎక్కువైంది. తొమ్మిదేళ్లకు చూస్తే ఆ తేడా దాదాపు పోయింది. మొదటివాళ్లు చితికిపోయి కాదు, గ్రాంటు రానివాళ్లు మెల్లగా వాళ్లను అందుకున్నారు. దీన్ని వైఫల్యం అనడం అన్యాయం. పేదింటి యువతకు కొన్నేళ్ల ముందే చేతికందిన సంపాదన చిన్న విషయం కాదు. పైగా ఆస్తులు, నేర్చుకున్న పని వాళ్ల దగ్గర మిగిలే ఉన్నాయి.

అలాగని అన్నిచోట్లా నగదు పంచితే సరిపోతుందని కాదు. జీతానికి పనిచేయాలనుకునేవాళ్ల ఇబ్బందులు వేరు. తెల్లవారుజామున షిఫ్టు, ఆ టైముకి బస్సు ఉండదు, పసిపిల్లను చూసేవాళ్లుండరు. రెండు వారాలు కష్టపడి వచ్చి మానేసిన తల్లిని రిపోర్టులో 'ఆసక్తి లేదు' అని కొట్టేస్తే అది అబద్ధం. ప్రయాణ ఖర్చు, పిల్లల సంరక్షణ ఖర్చు గ్రాంటు బడ్జెట్‌లోనే ఉండాలి.

గ్రాంటు చెల్లించే పద్ధతీ మారాలి. ముందు మీరు ఖర్చుపెట్టండి, బిల్లులు చూపిస్తే తర్వాత ఇస్తాం అంటే, నాలుగు నెలల జీతాలు చేతి నుంచి పెట్టుకోగల పెద్ద సంస్థలే ముందుకొస్తాయి. జనంతో రోజూ కలిసి పనిచేసే చిన్న సంస్థ దరఖాస్తు దగ్గరే ఆగిపోతుంది. మొదటి కొన్ని నెలల సొమ్ము అడ్వాన్సుగా ఇచ్చి, మిగతాది ఏడాది తర్వాత కూడా ఎంతమంది పనిలో ఉన్నారో చూసి విడుదల చేయాలి.