సరుకు మనదే, ఓడ మాత్రం పరాయిది

బడ్జెట్ దగ్గర పడుతుంటే భారత నౌకా యజమానుల జాతీయ సంఘం, అందరూ పిలిచే పేరుతో ఇన్సా, కేంద్రానికి వినతిపత్రం ఇవ్వడం మామూలే. పరిశ్రమ మళ్లీ రాయితీలు అడుగుతోందనుకుని మనం పేజీ తిప్పేస్తాం. ఆ పత్రాల్లో పన్నుల మాట ఉంటుంది, వడ్డీల మాట ఉంటుంది. అన్నిటికంటే బరువైన కోరిక మాత్రం వేరు: మా ఓడలకు సరుకు చూపించండి. ఆ సంఘం అడిగేవాటిలో కేంద్రం ముందుగా ఒప్పుకోవాల్సింది ఇదేనని నా నమ్మకం. ఇది లేకుండా ఎన్ని వేల కోట్లు పోసినా ఓడలు నిలబడవు.

పరిస్థితి ఎంత దిగజారిందో కేంద్రమే చెప్పింది. 2021 జులైలో భారతీయ ఓడలకు రూ.1,624 కోట్ల సబ్సిడీ పథకాన్ని ఆమోదించినప్పుడు ప్రకటించిన లెక్క ఇది. 1987-88లో మన ఎగుమతి, దిగుమతి సరుకులో 40.7 శాతం మన జెండా ఓడలే, అంటే భారత్‌లో నమోదైన ఓడలే మోసేవి. 2018-19 నాటికి అది సుమారు 7.8 శాతానికి పడిపోయింది. ఆ ఒక్క ఏడాదే విదేశీ కంపెనీలకు కిరాయి కింద దాదాపు 5,300 కోట్ల డాలర్లు కట్టాం.

ఇలా ఎందుకైంది? జవాబు కొనుగోలు కాగితాల్లో ఉంది. విదేశంలో సరుకు కొనడానికి రెండు పద్ధతులు. ఎఫ్‌ఓబీ అయితే అమ్మేవాడు తన రేవులో సరుకు ఓడకెక్కించడంతో అతని పని అయిపోతుంది. ఓడను మాట్లాడుకునేది కొనేవాడే. సీఐఎఫ్ అయితే కిరాయి, బీమా ధరలోనే కలిపేసి, ఓడను అమ్మేవాడే కుదురుస్తాడు. అతను మన ఓడను ఎందుకు పిలుస్తాడు? తనకు అలవాటైన కంపెనీనే పిలుస్తాడు. ఇది తెలిసే, ప్రభుత్వ సంస్థల దిగుమతులు ఎఫ్‌ఓబీ మీదే జరగాలని 1957లోనే విధానం పెట్టుకున్నాం. ఓడలు కుదర్చడానికి షిప్పింగ్ శాఖలో ట్రాన్స్‌చార్ట్ అనే విభాగం కూడా పెట్టుకున్నాం. తర్వాత మినహాయింపులు ఒక్కొక్కటే వచ్చాయి. కొనుగోలు చూసే అధికారిని తప్పుపట్టలేం. ఓడ ఆలస్యమైతే ఆ టెన్షన్ అమ్మినవాడికే ఉండనీ అనుకోవడం సహజం. ఎంత ధరకు కొన్నావు, ఎప్పుడు వచ్చింది అనే అతన్ని అడుగుతారు. ఎవరి ఓడలో వచ్చిందని పై అధికారి ఎన్నడూ అడగడు. ఆ ప్రశ్న అడగమనే ఇన్సా మొత్తుకుంటోంది.

సరుకు హామీ ఉంటే అప్పు కూడా పుడుతుంది. పెద్ద ట్యాంకర్ కొనాలంటే వందల కోట్లు కావాలి. బ్యాంకు మేనేజర్ ముందు అడిగేది ‘దీనికి పని ఎవరిస్తారు?’ అనే. ఒక్క ట్రిప్పు కాంట్రాక్టు చూపిస్తే నమ్మడు. పదేళ్లు మా ముడిచమురు మీరే మోయండి అని ప్రభుత్వ చమురు సంస్థ సంతకం చేసిన చార్టర్ కాగితం, అంటే ఓడ కిరాయి ఒప్పందం చూపిస్తే, అదే హామీ పత్రం. జపాన్‌లో ఉక్కు కంపెనీలు, విద్యుత్ సంస్థలు తమ దేశపు ఓడలకు ఇలాంటి దీర్ఘకాలిక ఒప్పందాలే ఇచ్చాయి. అక్కడి వాణిజ్య ఓడలు పెరగడానికి ఖజానా డబ్బు కంటే అదే ఎక్కువ పనికొచ్చిందని నేనంటాను.

యజమానులకు ఇలా కాపు కాస్తే కిరాయిలు పెరిగి ఎగుమతిదారులు నష్టపోతారని వాదించేవాళ్లున్నారు. కొట్టిపారేయాల్సిన భయం కాదు. పోటీ లేని చోట రేటు పెరుగుతుంది, నిజమే. అయితే ఇప్పుడున్న ప్రాధాన్య హక్కు నిబంధన ప్రకారం, టెండర్‌లో విదేశీ ఓడ అందరికంటే తక్కువ రేటు వేస్తే ఆ సరుకు దక్కాలంటే భారతీయ ఓడ కూడా ఆ రేటుకే దిగిరావాలి. పైగా మన జెండా కింద చేర్చడానికి విదేశం నుంచి ఓడ తెస్తే దిగుమతుల మీద వేసే జీఎస్టీ, అంటే ఐజీఎస్టీ, 5 శాతం కట్టాలి. మన సరుకు తెచ్చి దించి వెళ్లే విదేశీ ఓడకు ఆ భారం లేదు. సమానంగా చూడమనడం కాపు కాయమనడం ఎలా అవుతుంది?

ఈ పోరాటం పాతదే. 1919 ఏప్రిల్ 5న భారతీయుల నౌకా సంస్థ సింధియా కంపెనీ ఓడ ‘ఎస్‌ఎస్ లాయల్టీ’ బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరింది. నేటికీ ఆ తేదీనే జాతీయ నౌకా దినోత్సవం. బ్రిటిష్ కంపెనీలు రేట్లు కోసి సింధియాను ముంచాలని చూశాయి. తీర రవాణాను, అంటే మన రేవుల మధ్య సరుకు మోసే పనిని, భారతీయ ఓడలకే కేటాయించాలని 1928లో కేంద్ర శాసనసభలో ఎస్‌.ఎన్‌.హాజీ బిల్లు పెడితే చట్టం కాలేదు. అదే సింధియా, తన వ్యవస్థాపకుల్లో ఒకరైన వాల్‌చంద్ హీరాచంద్ పట్టుదలతో 1941లో విశాఖలో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది వేసింది. 1948లో అక్కడి నుంచే ‘జల ఉష’ నీళ్లలోకి దిగింది. విశాఖలో సింధియా అనే పేరు ఇప్పటికీ జనం నోట్లో ఉంది. అంత కష్టపడి, స్వాతంత్ర్యం వచ్చాక సాధించుకున్న తీర రవాణా హక్కును 2018 మేలో ఒక్క నోటిఫికేషన్‌తో సడలించారు. ఎగుమతి, దిగుమతి కంటైనర్లను ఒక భారత రేవు నుంచి మరో రేవుకు లైసెన్సు లేకుండా మోయడానికి విదేశీ ఓడలకు అనుమతి వచ్చింది. ఇన్సా అభ్యంతరం చెప్పినా ఆగలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇక్కడే ఉంది. ఆ నిర్ణయానికి ముందు ఎవరు ఏం చెప్పారు, రేవుల వాళ్ల వాదనేంటి, కంటైనర్ కంపెనీల వాదనేంటి, ప్రభుత్వం దేన్ని ఎందుకు పక్కనపెట్టింది? మామూలు పౌరుడికి తెలిసే దారి లేదు. దానికి వేదిక లేదా అంటే, ఉంది. 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టం జాతీయ షిప్పింగ్ బోర్డును ఏర్పాటు చేసింది. ఆ చట్టం అందులో ఆరుగురు ఎంపీలకు చోటిచ్చింది. యజమానుల ప్రతినిధులు ఎంతమందో నావికుల ప్రతినిధులూ అంతమందే ఉండాలని చట్టంలోనే రాశారు. ఎంత గొప్ప ఆలోచన! కానీ బోర్డుది సలహా ఇచ్చే పాత్రే. అసలు బేరం మంత్రుల గదుల్లో, బడ్జెట్ ముందు సమావేశాల్లో జరుగుతుంది. అక్కడ నావికుడికి కుర్చీ ఉండదు.

2025 సెప్టెంబరులో కేంద్రం నౌకా నిర్మాణానికి, నౌకారంగానికి కలిపి రూ.69,725 కోట్ల ప్యాకేజీ ఆమోదించింది. ఇంత డబ్బు పంచేటప్పుడైనా ప్రతి సంఘం ఇచ్చిన వినతిపత్రాన్ని, దానికి ప్రభుత్వం ఇచ్చిన జవాబును ఆ బోర్డు ముందు పెట్టి ప్రజలకు చూపించాలి. ఇన్సా దీన్ని తానే ముందుగా అడగాలి. దాని వాదనలో బలముంది, వెలుతురులోకి వస్తే పోయేదేమీ లేదు. 2004లో టన్నేజ్ ట్యాక్స్, అంటే లాభాన్ని బట్టి కాకుండా ఓడ పరిమాణాన్ని బట్టి పన్ను కట్టే వెసులుబాటు ఇచ్చినప్పుడు కేంద్రం ఊరికే ఇవ్వలేదు. పన్ను తగ్గించుకున్న కంపెనీ ట్రైనీ ఆఫీసర్లకు శిక్షణ ఇవ్వాలని షరతు పెట్టింది. పదేళ్ల చార్టర్ పొందే కంపెనీకి కూడా అలాంటి షరతే పెట్టాలి: ఎంతమంది మన కుర్రాళ్లను ఓడెక్కిస్తారో ఆ కాంట్రాక్టులోనే రాయించాలి.